పుల్లపురుగు నడక



ఈ పూట మీకొక పురుగు గురించి చెబుతాను. ఇది కుట్టదు. కరవదు. ఇంట్లో దూరి బియ్యం పాడుచెయ్యదు. దీని పుట్టిల్లు మన దక్షిణాది కొండలు. పేరు ప్రతిష్ఠలు మాత్రం జర్మనీలో సంపాదించుకుంది. అదే పుల్లపురుగు. కర్రపురుగు అనేవాళ్లూ ఉన్నారు.

మీలో కొందరు చూసే ఉంటారు. వానాకాలం రాత్రి వరండా గోడకి ఎండుపుల్ల ఒకటి అతుక్కుని ఉంటుంది. గాలికి కొట్టుకొచ్చిందేమో అనుకుని తీసి పారేయబోతారు. పుల్ల నెమ్మదిగా ఒక కాలు ఎత్తుతుంది. ఇంట్లో చిన్నపిల్లలుంటే ఆ రాత్రికిక నిద్ర ఉండదు.

జర్మనీ పిల్లలకి ఆ భయం లేదు. అక్కడ చాలా బడుల్లో తరగతి గదిలోనే పుల్లపురుగుల్ని పెంచుతారు. ఒక గాజు పెట్టె. లోపల నీళ్ల సీసా. సీసాలో నాలుగైదు బ్లాక్‌బెర్రీ కొమ్మలు, ముళ్లతో సహా. పిల్లలు వంతులేసుకుని ఆకులు మారుస్తారు, కాసిని నీళ్లు చిలకరిస్తారు. అంతే పెంపకం. కుక్కకీ పిల్లికీ అయ్యే ఖర్చులో నూరో వంతు కూడా కాదు.

బ్లాక్‌బెర్రీయే ఎందుకంటారా? చలికాలంలో జర్మనీ చెట్లు చాలామటుకు ఆకు రాల్చి మోడులైపోతాయి. బ్లాక్‌బెర్రీ పొద మాత్రం అడవి అంచున, రైలు పట్టాల పక్కన, ఎంతో కొంత పచ్చగానే ఉంటుంది. జనవరి నెలలో మంచు దులిపి ముళ్లకొమ్మలు కత్తిరించుకుంటున్న పెద్దమనిషి ఎవరైనా కనిపించాడంటే, ఆయన ఇంట్లోనో ఆయన పిల్లల బళ్లోనో పుల్లపురుగులున్నాయని అనుకోవచ్చు.

ఇంతగా పెంచుతున్నారు కదా, జర్మనీ అడవుల్లో ఈ పురుగు ఉంటుందా అంటే, ఉండదు. అక్కడి చలికి తట్టుకోలేదు. యూరప్‌లో పుల్లపురుగులు ఎక్కువగా దక్షిణాన, మధ్యధరా సముద్రం చుట్టుపక్కల ఉంటాయి. ఇది ఇప్పటి సంగతి. ఒకప్పుడు జర్మనీలోనూ వీటి చుట్టాలుండేవి. ఆ ఒకప్పుడు ఎప్పుడంటే, సుమారు 4 కోట్ల 70 లక్షల ఏళ్ల కిందట.

ఫ్రాంక్‌ఫర్ట్‌కి దగ్గర్లో, డార్మ్‌స్టాట్ పక్కన, మెసెల్ అనే ఊరుంది. ఆ ఊరి గనిలో పలకలు పలకలుగా విడిపోయే నల్లరాయి ఉంది. అగ్నిపర్వతం పేలిన గుంటలో నీరు చేరి చెరువైంది. ఆ చెరువు అడుగున పేరుకున్న బురద ఇలా రాయిగా మారింది. అప్పట్లో చెరువులో పడ్డ గబ్బిలాలు, పిట్టలు, పురుగులు ఆ రాతి పొరల మధ్య అచ్చుపడి ఉన్నాయి. ఆ గని గుంటని చెత్తకుప్పగా వాడుకుందామని ఒక దశలో ప్రభుత్వం అనుకుంది! స్థానికులు పట్టుబట్టి ఆపించారు. 1995లో అది ప్రపంచ వారసత్వ స్థలమైంది. అక్కడ దొరికిన ఒక పురుగుని గురించి 2007లో సోన్యా వెడ్‌మాన్ అనే పరిశోధకురాలు, ఆమె సహచరులు లోకానికి చెప్పారు. అది ఆకుపురుగు. పుల్లపురుగుల వంశంలోదే. పుల్లలా కాకుండా ఆకులా ఉంటుంది, అంతే తేడా. దానికి ఇయోఫిల్లియం మెసెలెన్సిస్ అని పేరు పెట్టారు. ఆకు వేషం కట్టే ఈ కుటుంబంలో ఇంత పాత పురుగు దొరకడం అదే మొదలు. ఇవాళ ఆకుపురుగులు మన దేశంలో, ఆగ్నేయాసియాలో, పసిఫిక్ దీవుల్లో, అంటే వెచ్చని చోట్లే బతుకుతున్నాయి. అప్పటి జర్మనీ అంత వెచ్చగా ఉండేదన్నమాట.

సరే, బడిపిల్లల పెట్టెలోకి మళ్లీ వద్దాం. ఆ పెట్టెల్లో మొదట్నుంచీ ఎక్కువగా పెరిగిన జాతి పేరు కరౌసియస్ మోరోసస్. అది కష్టంగా ఉంటే భారతీయ పుల్లపురుగు అనుకోండి, చాలు. తమిళనాడులో, కొడైకెనాల్ దగ్గర, షెంబగనూర్ అని ఒక చోటుంది. అక్కడ జెసూట్ ఫాదర్ల కళాశాల ఉండేది. 19వ శతాబ్దం చివర్లో ఆ కొండల నుంచే ఈ పురుగు యూరప్ చేరింది. 1901లో ఫ్రాన్స్‌కి చెందిన రొబేర్ ద సినేటి దీన్ని శాస్త్రలోకానికి పరిచయం చేశాడు. ఆయనా జెసూట్ ఫాదరే. ఆ తర్వాత కొద్ది ఏళ్లలోనే ఇది జర్మనీ ప్రయోగశాలల్లో స్థిరపడిపోయింది.

స్థిరపడటానికి పెద్ద కారణం ఒకటుంది. ఈ జాతిలో మగపురుగు మహా అరుదు. ఆడపురుగు జత కట్టకుండానే గుడ్లు పెడుతుంది. ఒకటీ రెండూ కాదు, వందల గుడ్లు. వాటిలోంచి మళ్లీ ఆడపురుగులే వస్తాయి. అవీ అలాగే గుడ్లు పెడతాయి. కాబట్టి ఒక్క పురుగు దొరికితే చాలు, మంద తయారైనట్టే. ఏడాది తిరిగేసరికి పురుగుల్ని ఎవరికి పంచాలో తెలియక టీచర్లు తల పట్టుకుంటారు. అందుకే అక్కడ ఒక జాగ్రత్త చెబుతారు. పెట్టె అడుగు చెత్త నేరుగా పారబోయకండి, ఒకటి రెండు రోజులు ఫ్రీజర్లో ఉంచి, గుడ్లు చచ్చాక పారేయండి అని. అతి జాగ్రత్త అనుకోకండి. కాలిఫోర్నియాలోనూ దక్షిణాఫ్రికాలోనూ ఇదే పురుగు పెట్టెల్లోంచి బయటపడి తోటల్లో కాపురం పెట్టేసింది.

ఆ గుడ్డుని ఒకసారి దగ్గరగా చూద్దాం. గుడ్డని చెబితే తప్ప తెలియదు. రెండు మిల్లీమీటర్ల పైచిలుకు ఉండే గోధుమరంగు గింజ. తల్లి దాన్ని ఎక్కడా దాచదు, దేనికీ అంటించదు. కొమ్మ మీద కూచుని కిందికి వదిలేస్తుంది. రాలినచోట అది ఆకుల మధ్య గింజల్లో గింజగా కలిసిపోతుంది. దానికి ఒక మూత ఉంటుంది. మూత మీద చిన్న బుడిపె. చాలా జాతుల్లో ఆ బుడిపె చీమలకి ఇచ్చే లంచం. చీమలు గుడ్డుని పుట్టలోకి మోసుకుపోతాయి, బుడిపె కొరుక్కుతిని గుడ్డుని అక్కడే వదిలేస్తాయి. గుడ్డు నేల కింద క్షేమంగా ఉంటుంది. ఇంకో సంగతి వినండి. జపాన్‌లో పరిశోధకులు కొన్ని పుల్లపురుగు గుడ్లని పిట్టలకి తినిపించి చూశారు. పిట్ట కడుపులోంచి బయటపడ్డాక కూడా కొన్ని గుడ్లలోంచి పిల్లలొచ్చాయి! పిట్టలు తిన్న పళ్ల విత్తనాలు చేసే పనే. 2018లో ఈ సంగతి ప్రకటించారు.

మూడు నాలుగు నెలలకి మూత తెరుచుకుంటుంది. రెండు మిల్లీమీటర్ల గుడ్డులోంచి సెంటీమీటరు పొడవున్న పిల్ల బయటికొస్తుంది. అంత పొడవు అందులో ఎలా మడతపడి ఉందో చూస్తేగాని నమ్మలేం. పుట్టిన దగ్గర్నుంచీ అది చిన్నసైజు పుల్లే. గొంగళిపురుగు దశ, గూడు దశ ఏమీ లేవు. కుబుసం విడుస్తూ విడుస్తూ పెరిగి, ఎనిమిది పది సెంటీమీటర్ల దాకా వస్తుంది. ఈలోపు కాలు ఊడినా బెంగలేదు. తర్వాతి కుబుసంతో చిన్న కాలు మొలుస్తుంది, ఆ తర్వాత ఇంకాస్త పెద్దదవుతుంది. ఒక్కోసారి లెక్క తప్పుతుంది కూడా. తల మీది మీసం మొదలంటా తెగితే, మీసం మొలవాల్సిన చోట కాలు మొలుస్తుంది. అబద్ధం కాదు. ప్రయోగశాలల్లో వందేళ్లకి పైగా చూస్తున్నదే.

ఇప్పుడు అసలు విషయానికొస్తాను. పగలంతా ఈ పురుగు చేసే పని కదలకుండా ఉండటం. ముందుకాళ్లు రెండూ చాచి తలకి చెరోపక్కా ఆనించుకుంటుంది. తల పట్టేందుకు ఆ కాళ్ల మొదట్లో చిన్న వంపు కూడా ఉంటుంది. మీరు దాని కాలు పట్టుకుని వంచి వదిలారనుకోండి, చటుక్కున వెనక్కి రాదు. కాసేపటికి చూస్తే మామూలుగా చాచి ఉంటుంది. ఎప్పుడు చాచిందో మీకు తెలియదు. అంత నెమ్మదిగా కదులుతుంది. కదలికని బట్టి వేటాడే పిట్టకి అసలు అంతుబట్టదు. గాలి వీస్తే మాత్రం కొమ్మతోపాటు తనూ ఊగుతుంది. కదిలే కొమ్మల మధ్య కదలని పుల్ల అనుమానం పుట్టిస్తుంది కదా!

ఇలా కదలకుండా ఉండటంలో ఆరితేరిన పురుగే, జర్మనీ శాస్త్రవేత్తలకి నడక అంటే ఏమిటో నేర్పింది. మళ్లీ చెబుతున్నాను. కదలని పురుగు నడక నేర్పింది.

నడకలో నేర్చుకోవడానికేముంది అంటారేమో. పురుగు సంగతి ఆలోచించండి. దానికి ఆరు కాళ్లు. ఒక్కో కాలికి ముఖ్యమైన కీళ్లు మూడు. మొత్తం పద్దెనిమిది. నడిచేది చదునైన నేల మీద కాదు. ఒక కొమ్మ సన్నం, ఒకటి లావు, మధ్యలో ఖాళీ, కింద ఏమీ లేదు. అడుగడుగునా పద్దెనిమిది కీళ్లనీ సరిచూసుకోవాలి. ఇదంతా ఎవరు చూసుకుంటున్నారు? ఆ చిన్న తలకాయేనా?

1921లో వోల్ఫ్‌గాంగ్ ఫాన్ బుడెన్‌బ్రోక్ అనే జర్మన్ జీవశాస్త్రవేత్త ఒక ప్రయోగం ప్రకటించాడు. పుల్లపురుగు మధ్య కాళ్లు రెండూ తీసేసి నడిపించాడు. వినడానికి క్రూరంగానే ఉంటుంది, నాకూ నచ్చదు. కానీ ఫలితం చూడండి. ఆరు కాళ్ల వరసలోంచి రెండు పోతే నడక తప్పిపోవాలి కదా? తప్పలేదు. మిగిలిన నాలుగు కాళ్లూ అప్పటికప్పుడు కొత్త వరస పట్టుకుని, నాలుగు కాళ్ల జంతువు నడిచినట్టు నడిచాయి. సాధన చెయ్యడానికి వ్యవధి కూడా లేదు. అంటే నడక వరస ముందే అచ్చువేసి తలలో పెట్టి ఉంచిన పాఠం కాదేమో అన్న అనుమానం అక్కడ బలపడింది.

ఆ అనుమానం వెంటపడి జర్మనీలో మూడు నాలుగు తరాల శాస్త్రవేత్తలు పనిచేశారు. కైజర్స్‌లాటర్న్‌లో ఉల్రిష్ బెస్లర్ అని ఒకాయన దశాబ్దాల తరబడి ఈ పురుగు మోకాలి కీలునే చదివాడు. తొడలో ఒక చిన్న అవయవం ఉంటుంది. కాలు ఎంత వంగిందో అదే పసిగట్టి చెబుతుంది. సన్నని దారం లాంటి స్నాయువొకటి దాన్ని కీలుతో కలుపుతుంది. బెస్లర్ ఆ స్నాయువుని ఇటు నుంచి అటుకు మార్చి అతికించాడు. ఇప్పుడు కాలు వంగితే చాచినట్టు, చాస్తే వంగినట్టు తప్పుడు కబురు అందుతుంది. అప్పుడా కాలు ఏం చేసింది? నడుస్తూ నడుస్తూ ఒక్కోసారి గాలిలో బిగుసుకుని నిలబడిపోయింది. సెల్యూట్ కొడుతున్నట్టు! శాస్త్రవేత్తలు కూడా దానికి సెల్యూట్ అనే పేరు పెట్టుకున్నారు. గమ్మత్తు ఏమిటంటే, ఆ ఒక్క కాలే తికమకపడింది. కాలు తన సంగతి తనే చూసుకుంటోందని దీన్నిబట్టి తెలిసిపోయింది.

బీలెఫెల్డ్ విశ్వవిద్యాలయంలో హోల్క్ క్రూజె అనే ఆచార్యుడు ఇంకో మెట్టు పైకెళ్లాడు. కాలు తన సంగతి తను చూసుకుంటోంది, సరే. మరి ఆరూ కలిసి ఒక్కసారే లేస్తే పురుగు బోర్లాపడదా? ఎందుకు పడట్లేదు? ఆయన కనిపెట్టిన జవాబు ఇది. పక్కపక్క కాళ్లు ఒకదానితో ఒకటి కబురాడుకుంటాయి. అవి కూడా పెద్ద కబుర్లు కావు. వెనక కాలు గాలిలో ఉన్నంతసేపూ దాని ముందున్న కాలికి “నువ్వు లేవకు” అని చెబుతుంది. వెనక కాలు కింద ఆనగానే “ఇక నువ్వు లేవచ్చు” అంటుంది. ఇలాంటి చిన్న చిన్న ఒప్పందాలు నాలుగైదు. వాటితోనే మొత్తం నడక సాగిపోతుంది.

పల్లకీ మోసే బోయీలు గుర్తున్నారా? ఒక్కొక్కరి భుజం మీద బరువు ఎంత పడుతోందో దాన్నిబట్టి ఒక్కొక్కరూ అడుగు సర్దుకుంటారు. ముందువాడి అడుగు వెనకవాడికి తెలుస్తుంది. లోపల కూచున్న దొరగారికి ఈ సర్దుబాట్లేవీ పట్టవు. ఆయన ఎటు వెళ్లాలో చెబుతాడు, అంతే. పుల్లపురుగు తలకాయ ఆ దొరగారు. ఎటు వెళ్లాలో, ఎంత వేగంగా వెళ్లాలో, ఎప్పుడు ఆగాలో చెబుతుంది. అడుగులు మాత్రం కాళ్లవే.

క్రూజె గమనించినవాటిలో నాకు అన్నిటికన్నా నచ్చింది ఒకటి ఉంది. కొమ్మ మీద పట్టు వెతుక్కోవాల్సింది ముందుకాలు. మీసాలతో తడిమి, అటూ ఇటూ ఊపి, ఎక్కడో ఒకచోట ఆనిస్తుంది. మధ్యకాలు ఇక వెతకదు. ముందుకాలు ఆనిన చోటు పక్కనే తనూ ఆనుతుంది. వెనక కాలు మధ్యకాలి పక్కన ఆనుతుంది. ఒకరు వెతికితే ముగ్గురికీ పని జరిగిపోతుంది. చీకట్లో నడిచే పురుగుకి ఎంత శ్రమ కలిసొస్తుందో చూడండి.

ఆన్స్‌గార్ బ్యూష్‌గెస్ అనే శాస్త్రవేత్త కాలిని దాటి కీలు దాకా వెళ్లాడు. కాలు ఒక్కటే యూనిట్ కాదు, ఒక్కో కీలుకీ దాని సొంత లయ పుట్టించుకునే నరాల గుంపు ఉంది అని 1995లో ఆయన, బెస్లర్, యోజెఫ్ ష్మిట్స్ కలిసి చూపించారు. కాలి నుంచి, కండరాల నుంచి వచ్చే కబుర్లే ఆ లయలన్నిటినీ ఒక్కతాటి మీదికి తెస్తాయి.

అలాగని పురుగు ఒంట్లో అన్నీ ఇలా కింది నుంచే జరుగుతాయనుకోకండి. రంగు సంగతి వేరు. ఈ పురుగు రాత్రి ముదురు రంగుకి, పగలు లేత రంగుకి మారుతుంది. 1928లో హెర్మాన్ గీర్స్‌బెర్గ్ అనే శాస్త్రవేత్త పురుగు వెనక భాగాన్ని మాత్రం తేమగాలిలో ఉంచి చూశాడు. తేమ తగిలింది వెనక, రంగు ముదరడం మొదలైంది తల దగ్గర. కబురు తలదాకా వెళ్లి, అక్కడి నుంచి హార్మోను రూపంలో ఆజ్ఞ దిగివచ్చిందన్నమాట. రంగు తల చేతిలో ఉంది. నడక కాళ్ల చేతిలో ఉంది. ఏ పని ఎక్కడ తేలాలో అక్కడే తేలుస్తుంది ఈ పురుగు.

ఇంతకీ ఈ చదువంతా ఎవరికి ఉపయోగపడింది? ఇంజనీర్లకి. చక్రాల బండి రాళ్లలో, శిథిలాల్లో, మెట్ల మీద చతికిలబడుతుంది. కాళ్ల మర చెయ్యాలంటే అన్ని కీళ్లనీ ఒకే కంప్యూటరు ఎప్పటికప్పుడు లెక్కవెయ్యాలి, అది తలకి మించిన భారమయ్యేది. 1990ల్లో మ్యూనిక్ సాంకేతిక విశ్వవిద్యాలయంలో ఫ్రీడ్రిష్ ఫైఫర్ బృందం పుల్లపురుగు పద్ధతిని తీసుకుని ఆరు కాళ్ల మర కట్టింది. ఆ రోజుల్లోనే కార్ల్స్‌రూహెలో లౌరోన్ అనే ఇంకో ఆరుకాళ్ల రోబో తయారైంది. ఆ తర్వాత బీలెఫెల్డ్‌లో హెక్టర్ వచ్చింది. పొడవు ఒక మీటరుకి కాస్త తక్కువ. పద్దెనిమిది కీళ్లు, సరిగ్గా మన పురుగుకి లెక్కపెట్టినన్ని. కాలు దేనికైనా తగిలితే విరగకుండా ఆ కీళ్లు కాస్త సాగుతాయి. ఎదర ఏదైనా అడ్డొస్తే ఏం చెయ్యాలో కాళ్లే సర్దుకుంటాయి.

నిజం చెప్పాలంటే ఆ రోబోల నడక చూస్తే నాకు కొంచెం నవ్వొస్తుంది. పురుగు రెండు కొమ్మల మధ్య ఖాళీని మీసంతో ఒక్కసారి తడిమి సాఫీగా దాటిపోతుంది. మర ఇంకా ఆలోచిస్తూనే ఉంటుంది. షెంబగనూర్ కొండల పురుగు దగ్గర నేర్చుకోవాల్సిన చదువు ఇంకా మిగిలే ఉంది. బీలెఫెల్డ్‌లో ఫోల్కర్ డ్యూర్ బృందం ఆ మీసాల సంగతే చదువుతోంది. మీసం తగిలిన చోటుకే ముందుకాలు సూటిగా ఎలా వెళ్తుందన్నది వాళ్ల ప్రశ్న.

ఇదంతా చూడటానికి జర్మనీ వెళ్లనక్కర్లేదు. మన అడవుల్లో, కొండవాలు పొదల్లో కూడా పుల్లపురుగులున్నాయి. తొలకరి పడ్డాక రాత్రిపూట టార్చిలైటు పట్టుకుని ఆకుల అంచుల్ని చూడండి. పగలు కనబడనిది రాత్రి మేతకి బయటపడుతుంది. దొరికితే కాలు పట్టి లాగకండి, ఊడి చేతికొస్తుంది. దాని ముందు ఒక పుల్ల పెట్టండి, తనంతట తనే ఎక్కుతుంది. అలా ఎక్కేటప్పుడు ముందుకాలు ఎక్కడ ఆనించిందో గుర్తుపెట్టుకుని, మధ్యకాలు ఎక్కడికొస్తుందో చూడండి. ఆ తర్వాత వెనక కాలు. చూశాక పుల్లతో సహా ఎక్కడిది అక్కడ పెట్టెయ్యండి.